తల్లి గాజుల చప్పుడు: జిడ్డు కృష్ణమూర్తి బాల్యదుఃఖం

గుర్రంకొండ దుర్గం నీడన నివసించే మాకు చరిత్ర అనగానే కోటగోడలు, రంగిన్ మహలు, నవాబుల నాటి సమాధులు తలపునకు వస్తాయి. ఏ యేట ఏ సైన్యం వచ్చినది, ఏ యేట కోట ఎవరి చేతికి మారినది అన్న వివరాలనే చరిత్రగా చదువుకున్నాము. ఒక పిల్లవాని మనస్సుకు తగిలిన దెబ్బ కూడా చరిత్రేనని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇక్కడి నుండి వాయల్పాడు మీదుగా ముప్పై కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న మదనపల్లెలో పుట్టి, లోకమంతా పేరు పొందిన జిడ్డు కృష్ణమూర్తి జీవితాన్ని చదివినప్పుడు ఆ సంగతి మాకు బోధపడింది.

కృష్ణమూర్తి తత్త్వాన్ని వ్యాఖ్యానించిన పెద్దలు ఎందరో ఉన్నారు. మేము ఆ పనికి పూనుకోవడం లేదు. పదేళ్ళ ప్రాయంలో తల్లిని, ముప్పై ఏళ్ళ వయస్సులో ప్రాణసమానుడైన తమ్ముని పోగొట్టుకున్న మనిషిగానే ఆయనను పాఠకుల ముందు నిలుపదలచినాము. ఇందుకు కారణమున్నది. తల్లినో తండ్రినో కోల్పోయిన విద్యార్థి ఒకరైనా లేని తరగతి మన ప్రాంతంలో అరుదు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వ్యాధి ఎన్నో ఇండ్ల దీపాలు ఆర్పివేసింది. బ్రతుకుదెరువుకై కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు పోయిన తండ్రి మరణవార్త ముందుగాను, భౌతికకాయం చాలా దినాల తరువాతను చేరే ఇండ్లు కూడా మన ప్రాంతంలో లేకపోలేదు. అట్టి ఇంటి పిల్లవాడు తిరిగి బడికి వచ్చి వెనుక బెంచీలో కూర్చున్నప్పుడు అతనితో ఎలా మాట్లాడాలో మనలో చాలామందికి తెలియదు. తెలియక ఊరుకుంటాము. ఆ ఊరుకోవడం వల్ల ఏమి జరుగుతుందో ఈ జీవితచరిత్ర చెబుతుంది.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి జిడ్డు నారాయణయ్య మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. తల్లి సంజీవమ్మ భక్తురాలు, దానశీల. ఎనిమిదవ సంతానమగుటచేత బాలునికి శ్రీకృష్ణుని పేరు పెట్టారు. ఆనాడు పుట్టిన పిల్లలందరూ బ్రతకడం అన్నది ఏ ఇంటనైనా అరుదే. ఆ దంపతుల సంతానంలోనూ పలువురు బాల్యంలోనే గతించారు. కృష్ణమూర్తికి సైతం పసితనంలోనే మలేరియా సోకి ప్రాణం మీదికి వచ్చింది. ఆ జ్వరం ఏళ్ళ తరబడి వదలలేదు. తరచు జబ్బుపడే ఆ పిల్లవాడు బడికి వెళ్ళిన దినాలకంటె తల్లి చెంత గడిపిన దినాలే ఎక్కువ. ఆమె అతనికి రామాయణ భారత కథలు చెప్పేది. తన పలకను, బలపాన్ని, తినుబండారాలను లేని పిల్లలకు పంచిపెట్టి ఉత్త చేతులతో ఇంటికి వచ్చినా ఆ తల్లి కసిరేది కాదు. ఆ బాలుడు ఒకసారి తండ్రి గడియారాన్ని ముక్కలుగా విప్పి, మరల యథాప్రకారం బిగించేవరకు బడికి కదలనని మొరాయించాడట. మందబుద్ధి అనిపించుకోనున్న బాలుడు చేసిన పని ఇది. పాఠకులు దీనిని గుర్తుంచుకోవలెను.

1904లో కడపలో ఇరువది ఏళ్ళ పెద్దక్క మరణించింది. మరుసటి సంవత్సరం 1905 డిసెంబరులో, అదే కడపలో, తల్లి సంజీవమ్మ కన్నుమూసింది. కృష్ణమూర్తికి అప్పుడు పది సంవత్సరాలు. తమ్ముడు నిత్యానందకు ఏడు. అందరికంటె చిన్నవాడు సదానందం ఇంకా పసివాడు, పైగా బుద్ధి ఎదగని బిడ్డ. ఉద్యోగభారం మోసే తండ్రి ఒక్కడై మిగిలాడు. ఇల్లు చూడటానికి బంధువులు వచ్చారు గాని ఆ ఇంటికి మునుపటి కళ రాలేదు. మరణించిన తల్లి చోటును వంట చేసిపెట్టే మనిషి భర్తీ చేయలేదన్నది అనుభవించినవారికే తెలుస్తుంది.

తల్లి పోయిన తరువాత ఆ బాలుని మనస్సులో జరిగినది మరెవరో ఊహించి చెప్పినది కాదు. 1913లో, పద్దెనిమిదేళ్ళ వయస్సులో, ఫ్రాన్సు దేశంలో ఉన్నప్పుడు కృష్ణమూర్తి తన చిన్ననాటి జ్ఞాపకాలను కాగితంపై పెట్టారు. చనిపోయిన తల్లి తనకు తరచుగా కనిపించేదని అందులో రాసుకున్నారు. ఒకనాడు మేడమెట్లెక్కుతున్న ఆమె రూపం వెంట తానూ నడిచి, చేయి చాచి చీరను పట్టుకున్నట్లే అనిపించగా, మెట్ల చివర ఆమె మాయమైందట. ఇంటి నుండి బడికి బయలుదేరినప్పుడు ఆమె తన వెనుకనే వస్తున్నట్లు వినిపించేదట. వినిపించినది మాట కాదు, గాజుల చప్పుడు. మొదట భయపడుతూ వెనుదిరిగి చూస్తే చీర రూపు, ముఖంలో కొంత భాగం లీలగా కానవచ్చేవట.

ఇందులో అతీంద్రియమైనది ఏమైనా ఉన్నదా అనే చర్చ మాకు వద్దు. మాకు కనిపించేది బడిదారిన ఒంటరిగా నడిచే పదేళ్ళ పిల్లవాడు. వెనుక నుండి గాజుల చప్పుడు వినవస్తున్నదని అతడు ఎవరితో చెప్పుకోగలిగి ఉంటాడు? చెప్పితే దయ్యం పట్టిందని కొందరు, పిచ్చి పట్టిందని కొందరు అని ఉండేవారు. నేటికీ మన పల్లెలలో ఇట్టి పిల్లలను తాయెత్తు కట్టించడానికి తీసుకుపోవడం కద్దు. అయితే ఈ అనుభవం పిచ్చి కాదని వైద్యశాస్త్రం తేల్చి చాలా కాలమయింది. 1971లో వేల్స్ దేశపు వైద్యుడు డ్యూయీ రీస్, జీవిత భాగస్వామిని కోల్పోయిన 293 మందిని కలిసి విచారించగా, వారిలో దాదాపు సగం మంది పోయినవారు దగ్గరున్నట్లు తోచడమో, కనిపించడమో, వినిపించడమో తమకు జరిగినదని చెప్పారు. వారిలో చాలామంది అంతవరకు ఆ సంగతిని ఎవరికీ చెప్పుకోలేదు. పిల్లల విషయంలోనూ ఇట్టిదే వెల్లడైంది. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో తల్లినో తండ్రినో కోల్పోయిన 70 కుటుంబాలలోని 125 మంది పిల్లలను హార్వర్డ్ పరిశోధకులు రెండేళ్ళపాటు పరిశీలించారు. పోయినవారు తమను చూస్తున్నారని తలచడం, వారితో మనస్సులో మాట్లాడటం, వారి వస్తువు ఒకటి దాచుకోవడం ఆ పిల్లలలో ఎంతోమంది చేసిన పనులే. పోయినవారిని మరచిపోవడమే మనస్సుకు స్వస్థత అని పూర్వం భావించేవారు. ప్రేమబంధాన్ని వేరొక రూపంలో నిలుపుకోవడం కూడా స్వస్థతకు దారియే అని నేడు భావిస్తున్నారు.

అయితే కృష్ణమూర్తికి ఈ మాట చెప్పే పెద్దదిక్కు అప్పుడు లేదు. 1907 చివర నారాయణయ్య ఉద్యోగ విరమణ చేయవలసి వచ్చింది. రాబడి సగానికి పడిపోయింది. ఆయన దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్‌కు పలుమార్లు విన్నవించుకొని, చివరకు సమాజ కార్యాలయంలో పని సంపాదించి, 1909 జనవరిలో పిల్లలతో మద్రాసు అడయారుకు చేరాడు. సమాజపు ఆవరణ వెలుపల శిథిలమైన చిన్న ఇంట వారి కాపురం. పిల్లలు మైళ్ళ దూరం నడిచి మైలాపూరులోని బడికి పోయి వచ్చేవారు. తల్లిలేని ఆ పిల్లల శుభ్రతను, తిండిని పట్టించుకొనే తీరికగాని ఓపికగాని ఆ ఇంట ఎవరికీ ఉన్నట్లు కనబడదు. ఒళ్ళు చిక్కి, నోరు తెరచుకొని, ఎటో చూస్తూ ఉండే కృష్ణమూర్తిని ఉపాధ్యాయులు మందబుద్ధిగా లెక్కగట్టారు. పాఠం రాలేదని బెత్తం దెబ్బలు కొట్టేవారు. తండ్రి చేతి దెబ్బలూ తప్పలేదు. అతని చదువు కొంత చూచిన ఒక ఆంగ్లేయుడు సైతం ఈ పిల్లవానికి బుద్ధి లేదనే తలచాడు.

ఆ బాలుడు స్వభావతః ఊహల్లో తేలే పిల్లవాడే, జ్వరాలు అతని బలాన్ని తీసివేసినవన్నదీ నిజమే. అంతా మాతృవియోగం వల్లనే జరిగిందని మేము అనము. కాని రెండు సంవత్సరాలలో అక్కను, తల్లిని పోగొట్టుకొని, ఊరు మారి, బడి మారి, భాష రాని పట్టణంలో పడిన పిల్లవాని శూన్యదృష్టిలో దుఃఖం కూడా ఉన్నదని ఆ పెద్దలలో ఎవరికీ తోచకపోవడం విచారకరం. గడియారాన్ని విప్పి బిగించగలిగిన ఆ తెలివి అయిదారేళ్ళలో ఆవిరై పోతుందా? అది ఎక్కడికీ పోలేదు. అతని మనస్సు మరొక బరువు మోస్తున్నది. బెత్తం ఆ బరువును దించలేదు.

ఈ కాలమంతటా అతనికి విడువని తోడు ఒక్కడే, తమ్ముడు నిత్య. చురుకైనవాడు, నవ్వుముఖంవాడు. బడికి పోవడం, రావడం కలిసే. తల్లి జ్ఞాపకాన్ని పంచుకోగల మనిషి కృష్ణమూర్తికి అతడే.

1909 వసంతకాలంలో అడయారు సముద్రతీరాన సి. డబ్ల్యు. లెడ్‌బీటర్ అనే దివ్యజ్ఞాన సమాజపు పెద్ద ఈ బాలుని చూచి, కాబోయే జగద్గురువు ఇతడేనని నిశ్చయించాడు. లెడ్‌బీటర్ పలు వివాదాలకు గురియైన వ్యక్తి. సమాజపు ఆ విశ్వాసాలను విచారించడం మా పని కాదు. దాని ఫలితంగా కృష్ణమూర్తికి కొంత మేలు, కొంత కీడు జరిగినవని మాత్రం చెప్పగలము. బడి దెబ్బలు ఆగినవి. మంచి తిండి, శుభ్రత, ఆటలు, ఈత కలిగినవి. అన్నదమ్ములను విడదీయకుండా కలిపే ఉంచారు. ఇది మేలు. దుఃఖపడే హక్కుగల సామాన్యుడైన పిల్లవాడు ఆ దినం నుండి దుఃఖానికి అతీతుడైన మహాపురుషుని పాత్ర ధరించవలసి వచ్చింది. ఇది కీడు.

1909 నవంబరులో అనీబిసెంట్‌ను కృష్ణమూర్తి తొలిసారి చూచాడు. నెల తిరగకముందే, డిసెంబరు 24న, ఆమెకొక ఉత్తరం రాశాడు. ఉత్తరాలలో ఆమెను తల్లి అని పిలుచుకొనుటకు అనుమతి కోరాడు. ప్రేమించుటకు తనకు ఇప్పుడు వేరే తల్లి లేదని తెలిపాడు. సంజీవమ్మ పోయి అప్పటికి నాలుగు సంవత్సరాలు. మందబుద్ధి అనిపించుకున్న బాలుడు తనకు ఏమి కావాలో ఇంత స్పష్టంగా చెప్పగలిగాడు. వినే మనిషి దొరికినప్పుడు అతనికి మాట దొరికింది.

అనీబిసెంట్‌కు సైతం ఈ బాధ తెలియనిది కాదు. 1852లో, అయిదేళ్ళ వయస్సులో, ఆమె తండ్రిని కోల్పోయింది. పేదరికం వల్ల తల్లి ఆమెను పెంచి చదివించే బాధ్యతను మరొక స్త్రీకి అప్పగించింది. పెద్దదైన తరువాత, 1878లో, తన భావాల కారణంగా న్యాయస్థానంలో తన కుమార్తెపై హక్కును పోగొట్టుకున్నది. అట్టి ఆమె 1910లో నారాయణయ్య సమ్మతితో ఈ అన్నదమ్ములకు సంరక్షకురాలయింది. 1911లో వారిని ఇంగ్లండుకు తీసుకుపోయింది. 1912లో నారాయణయ్య తన కుమారులను తనకు ఇప్పించవలసినదని మద్రాసులో వ్యాజ్యం వేశాడు. హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పగా, 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. పెద్దల పోరాటంలో న్యాయమెవరిదో నిర్ణయించబోము. తల్లిని మృత్యువు తీసుకుపోగా, తండ్రిని న్యాయస్థానపు తగవు దూరం చేసినదన్నది మాత్రం ఆ పిల్లల జీవితంలో రెండవ వియోగం. ఇంటిలో మరణం సంభవించిన తరువాత ఆస్తికై, పిల్లలకై పెద్దలు కచ్చెరీ ఎక్కే సంఘటనలు మన పక్కనా జరుగుతుంటవి. ఆ కాగితాల మీద పిల్లల పేర్లు ఉంటవి గాని వారి మనస్సు ఉండదు.

ఇంగ్లండులో కృష్ణమూర్తికి ఆదరణ లోటు కాలేదు. ఎమిలీ లుట్యెన్స్ అనే మహిళ తల్లి వలె చూచుకున్నది. కాని ఇల్లు, ఊరు, భాష దూరమయినవి. లండను విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు మూడు పర్యాయాలు కూర్చొని మూడు పర్యాయాలూ తప్పారు. నిత్య మాత్రం న్యాయశాస్త్రం చదివి నెగ్గాడు. ఏళ్ళు గడిచేసరికి అన్న నోట మాతృభాష నిలువలేదు. తెలుగులో మాట్లాడలేని స్థితికి వచ్చారు.

1921లో నిత్యకు క్షయ సోకినట్లు వైద్యులు కనుగొన్నారు. అప్పటికే క్షయరోగులకై మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో క్రైస్తవ మిషనుల ఆసుపత్రి పనిచేస్తున్నది. అయితే నాడు లోకంలో ఎక్కడా ఆ వ్యాధికి మందు లేదు. విశ్రాంతి, గాలి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. పొడిగాలి మేలు చేస్తుందని అన్నదమ్ములు 1922లో కాలిఫోర్నియాలోని ఓహై లోయకు చేరారు. జబ్బు తగ్గుతూ, తిరగబెడుతూ మూడేళ్ళు గడిచినవి. నిత్య ప్రాణానికి భయం లేదని, జగద్గురువు కార్యానికి అతడు అవసరమని, అదృశ్య గురుదేవులు అతనిని కాపాడుతారని సమాజంలోని పెద్దలు దృఢంగా చెప్పారు. కృష్ణమూర్తి నమ్మారు. ఆ నమ్మకంతోనే 1925 నవంబరులో రోగిని ఓహైలో ఉంచి, అనీబిసెంట్‌తో కలిసి ఓడలో భారతదేశానికి బయలుదేరారు. ఓడ సూయజ్ కాలువలో ప్రవేశించే సమయాన తంతి వచ్చింది. నవంబరు 13న నిత్య కన్నుమూశాడు. అతనికి ఇరువది ఏడేళ్ళు.

ఓడలో ఆయన గదిలోనే ఉన్న మిత్రుడు బి. శివరావు ఆ తరువాతి దినాలను గూర్చి చెప్పిన సంగతులు గ్రంథస్థమైనవి. పగలు ఎట్లో గడిపినా, రాత్రులలో కృష్ణమూర్తి వెక్కి వెక్కి ఏడ్చేవారు. నిత్యను పేరుపెట్టి పిలిచేవారు. ఆ పిలుపులు కొన్ని సమయాలలో తెలుగులో ఉండేవి. మెలకువలో ఆయన నోట పలుకని తెలుగు ఆ దుఃఖంలో పలికింది!

ఈ ఒక్క సంగతిని చదివినప్పుడు మేము పుస్తకం మూసి చాలసేపు ఊరకుండిపోయినాము. పదునాలుగేళ్ళు పరదేశంలో ఉండి, వేలాదిమంది గురువుగా కొలుస్తున్న ముప్పై ఏళ్ళ మనిషి లోపల కడప వీధులలో తమ్మునితో కలిసి బడికి నడిచిన పిల్లవాడు అట్లే ఉన్నాడు. తల్లి పోయినప్పుడు ఏడవవలసిన ఏడుపు కూడా ఆ రాత్రులలో కలిసిపోయినదేమో మేము చెప్పజాలము. కాని వెలికిరాని దుఃఖం నశించదని, అది మాతృభాషలో దాగి ఉంటుందని మాత్రం మాకు అనిపించింది. దుఃఖించే పిల్లవానితో మాట్లాడవలసినది అతని ఇంటిభాషలోనే. ఉర్దూ ఇంట పెరిగిన బిడ్డతో ఉర్దూలో, తెలుగు ఇంట పెరిగిన బిడ్డతో తెలుగులో మాట్లాడగల మన కళాశాలకు ఈ విషయంలో ఒక గొప్ప అనుకూలత ఉన్నది.

మరొక సంగతిని కూడా ఇక్కడ గమనించవలెను. కృష్ణమూర్తిని కుంగదీసినది మరణం ఒక్కటే కాదు. మరణం రాదని పెద్దలిచ్చిన హామీ కూడా. రోగం ముదిరిన ఇంటిలో పిల్లలను ఓదార్చాలని మనమూ అట్లే అబద్ధం ఆడుతాము. నాన్నకు ఏమీ కాదంటాము. అయిపోయిన తరువాత అమ్మ ఊరికి పోయిందంటాము. పిల్లవాడు దుఃఖంతోపాటు మోసపోయిన బాధను కూడా మోస్తాడు, ఆపైన ఎవరినీ నమ్మలేడు. వయస్సుకు తగిన మాటలతో నిజం చెప్పడమే మేలని నేటి మనస్తత్వ నిపుణులు ఏకకంఠంతో చెబుతున్నారు.

ఓడ కొలంబో చేరేసరికి కృష్ణమూర్తి శాంతించారు. తమ్ముని గూర్చి సంస్మరణ వ్యాసం రాశారు. నాలుగేళ్ళ తరువాత, 1929 ఆగస్టు 3న, హాలండులోని ఓమెన్‌లో, తాను అధిపతిగా ఉన్న నక్షత్ర సంఘాన్ని వేలాది సభ్యుల ఎదుట రద్దుచేశారు. తాను ఎవరికీ గురువును కానన్నారు. అందుకు తమ్ముని మరణమే ఏకైక కారణమని చెప్పడం సాహసమవుతుంది. కాని ఇతరులు అందించిన ఊరట మాటలపై నమ్మకం ఆ ఓడలోనే సడలిందని ఆయన జీవితచరిత్రకారులు చెప్పిన మాట సమంజసంగా కనిపిస్తుంది. 1933లో, అమ్మ అని పిలుచుకున్న అనీబిసెంట్ కూడా అడయారులో మరణించింది. సంఘాన్ని విడిచినా ఆమె పట్ల ఆయన ప్రేమ తగ్గలేదు.

మదనపల్లెకు సమీపాన తెట్టు గ్రామం వద్దనున్న లోయలో, ఆయన ఆశయం మేరకు, ఋషివ్యాలీ పాఠశాల వెలసింది. తరువాతి కాలంలో చుట్టుపక్కల పల్లెల బిడ్డలకు ఎవరి వేగాన వారు చదువుకొనే పద్ధతిని అక్కడి వారు రూపొందించారు. కృష్ణమూర్తి ఏటేటా అక్కడికి వచ్చి పిల్లలతోను, ఉపాధ్యాయులతోను మాట్లాడేవారు. భయపెట్టి నేర్పరాదని, ఒక పిల్లవానిని మరొకనితో పోల్చరాదని, శిక్ష విద్యకు శత్రువని ఆయన దశాబ్దాల పాటు చెప్పారు. మరణాన్ని గూర్చి, దుఃఖాన్ని గూర్చి పిల్లలు అడిగితే తప్పించుకొనేవారు కారు. దుఃఖం నుండి పారిపోక దానిని చూడవలెనన్నది ఆయన బోధలో ముఖ్యభాగం. ఇవి పుస్తకాలు చదివి చెప్పిన మాటలని మాకు తోచదు. మైలాపూరు బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దవాడై, దెబ్బలు లేని బడిని తన పుట్టిన సీమకు తెచ్చి ఇచ్చాడు. 1985 చివరలో చివరిసారిగా ఆ లోయకు వచ్చి, 1986 ఫిబ్రవరి 17న, తొంభై ఏళ్ళ వయస్సులో, ఓహైలో కృష్ణమూర్తి మరణించారు. తమ్ముడు పోయిన చోటనే అన్నయూ వెళ్ళిపోయారు.

అనాథ పిల్లల పట్ల సమాజానికి గల బాధ్యత మన విద్యార్థులకు కొత్తగా చెప్పవలసినది కాదు. ప్రవక్త ముహమ్మద్ వారు పుట్టకముందే తండ్రిని, ఆరేళ్ళ వయస్సులో తల్లిని, ఎనిమిదేళ్ళ వయస్సులో తాతను కోల్పోయి పెదతండ్రి అబూ తాలిబ్ నీడన పెరిగినవారు. పవిత్ర ఖురాన్‌లోని అద్-దుహా సూరా యతీము పట్ల కాఠిన్యం వహించరాదని ఆదేశిస్తున్నది. అయితే యతీము అనగానే మనకు అన్నం, బట్ట, ఫీజు గుర్తుకు వస్తవి. ఇవి అవసరమే. వీటితో తీరని ఆకలి ఒకటి ఉన్నదని కృష్ణమూర్తి బాల్యం చెబుతున్నది.

ఆ ఆకలిని గుర్తించడానికి గొప్ప పాండిత్యం అక్కరలేదు. పిల్లవాడు కాసేపు ఏడ్చి మరుక్షణం ఆటకు పరుగెత్తితే మరచిపోయినాడని అనుకోరాదు. పిల్లల దుఃఖం వానజల్లు వలె వచ్చి పోయి మరల వచ్చేది. చాల చిన్నవారికి పోయినవారు తిరిగి రారన్న సంగతి అర్థం కాదు. కొంచెం పెద్దవారు తాము అల్లరి చేయడం వల్లనే అమ్మ పోయిందని లోలోపల నేరం మోపుకుంటారు. యౌవనంలో ఉన్నవారు మిగిలిన తల్లికో తండ్రికో భారం కారాదని ఏడుపును దాచుకుంటారు. ఇంటికి పెద్ద కొడుకువని, పెద్ద కూతురువని చుట్టాలు చెప్పే మాట వారి నోరు నొక్కేస్తుంది. మార్కులు పడిపోవడం, కారణంలేని కడుపునొప్పి, కోపం, నిద్రలేమి, బడి ఎగవేత, ఇవన్నీ ఆ దుఃఖం ధరించే వేషాలు కావచ్చు. నలభయ్యవ దినపు ఫాతెహా గాని, పెద్దకర్మ గాని ముగిసి బంధువులు బండి ఎక్కిన తరువాతనే ఆ పిల్లవాని ఒంటరితనం మొదలవుతుంది. మనం పలుకరించవలసినది అప్పుడు.

మేము ముందు పేర్కొన్న హార్వర్డ్ పరిశీలనలో పిల్లలలో అధికసంఖ్యాకులు కాలక్రమాన కోలుకున్నారు. ఏడాది గడిచేసరికి సుమారు ఐదింట ఒక వంతు పిల్లలు మాత్రం తీవ్రమైన ఇబ్బందులలో ఉన్నారు. మిగిలిన తల్లి లేక తండ్రి మనస్సు కుదుటపడిన ఇండ్లలో పిల్లలు కుదుటపడ్డారు. కావున పిల్లవానికి సాయం చేయదలచినవారు ఆ ఇంటి పెద్దకు కూడా సాయం చేయవలెను. నెలలు గడిచినా దుఃఖం దినచర్యను మింగివేస్తుంటే, చనిపోవాలన్న మాట వినబడితే, ఆలస్యం చేయక వైద్యుని కలవవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అంకెకు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు. అందులో తెలుగులోను మాట్లాడవచ్చు. ఆదరణ లేని పిల్లల విషయమై 1098 అంకె ఉన్నది.

ఇవన్నీ ఉన్నా, అన్నింటికంటె ముందు కావలసినది ఒక మనిషి. కృష్ణమూర్తి విషయంలో ఆ మనిషి ఏడేళ్ళ తమ్ముడు నిత్య. అతడు ఉపదేశం చేయలేదు, ఓదార్పు మాటలు నేర్చినవాడూ కాడు. పక్కన నడిచాడు. అంతే. మన తరగతిలో వెనుక బెంచీన ఎటో చూస్తూ కూర్చున్న సహాధ్యాయికి మనమూ అంతమాత్రం చేయగలము. అతనిని మందబుద్ధి అనే ముందు, అతని వెనుక ఏ గాజుల చప్పుడు వినవస్తున్నదో, ఏ తండ్రి దగ్గు వినవస్తున్నదో ఒక్కసారి ఆలోచించుదము. పోయినవారి పేరు అతని ఎదుట ఎత్తడానికి జంకనక్కరలేదు. ఆ పేరు అతని మనస్సులో సదా ఉన్నదే. మనం పలికితే అతనికి ఆ పేరును పంచుకొనే తోడు దొరుకుతుంది.